లాక్‌డౌన్‌లో మామయ్యను గేటు దాటకుండా ఆపేదెట్లా?

కుట్టుమిషన్ హన్మకొండ | 20 ఏప్రిల్ 2020

నిన్న రాత్రి ముఖ్యమంత్రి ప్రెస్‌మీట్ చూసే ఉంటారు. మొదట మార్చి 31 అన్నారు, తర్వాత ఏప్రిల్ 14, ఆ తర్వాత 30, ఇప్పుడు మే 7. తేదీ జరిగిన ప్రతిసారీ మా ఇంట్లో ఒక పంచాయితీ. కారణం కరోనా కాదు, మా మామయ్య.

ఆయనకు 68. ఆర్టీసీలో మెకానిక్‌గా చేసి రిటైర్ అయ్యారు. బీపీ ఉంది, షుగర్ ఉంది. మోకాళ్ల నొప్పులు మాత్రం లేవు, అదే మా కష్టం. పొద్దున ఆరయ్యేసరికి స్నానం, తెల్ల అంగీ, ఎక్సెల్ బండి. చౌరస్తా దగ్గర చాయ్ హోటల్లో పాత డిపో దోస్తులు ముగ్గురు ఉంటారు. వాళ్లతో కూర్చుని పేపర్ మొదటి పేజీ నుంచి ఆఖరి పేజీ దాకా చదివి, తొమ్మిదింటికి ఇల్లు చేరడం ఆయన అలవాటు. మొన్నటి ఆర్టీసీ సమ్మె 52 రోజులు నడిస్తే, రిటైర్ అయిన మనిషి రోజూ పోయి డిపో గేటు ముందు టెంట్ కింద కూర్చుని వచ్చారు. అట్లాంటి మనిషిని ఇంట్లో కూర్చోమంటే కూర్చుంటారా?

హోటల్ షట్టర్ దించిన మాట నిజమే. కానీ హోటలాయన వెనక సందులో ఫ్లాస్కు పెట్టుకుని అమ్ముతున్నాడట. పోలీసులొస్తే ఫ్లాస్కు సంచిలోకి, వీళ్లు తలా ఒక దిక్కు. ఈ వయసులో జీపు చూసి సందులో పడి ఉరికానని మామయ్య నవ్వుకుంటూ చెప్తుంటే నాకు ఏడవాలో నవ్వాలో తెలియట్లేదు.

మొన్న రాత్రి మా ఆయన చప్పుడు చేయకుండా బండి ప్లగ్గు విప్పి బియ్యం డబ్బాలో దాచారు. పొద్దున మామయ్య రెండు కిక్కులు కొట్టారు. వంగి చూశారు. ఒక్క మాట అనలేదు. లోపలికొచ్చి మంచం కింది పనిముట్ల డబ్బా లాగి, అందులోంచి పాత ప్లగ్గు ఒకటి తీసి, ఎమెరీ పేపర్‌తో మొన రుద్ది, ఉఫ్‌మని ఊది, బిగించుకుని పోయారు. తిరిగొచ్చాక నాతో అన్న మాట ఇది: "బస్సు ఇంజన్లు దించి ఎక్కించినోణ్ని బిడ్డా. ఎక్సెల్‌తోని నాతో ఆటలా?" కొడుకును ఏమీ అనలేదు, నన్నే అన్నారు.

ఇంట్లో ఆరుగురం. రెండు గదులు, వంటిల్లు, ముందర అరుగు, గేటు. మా ఆయన ప్రైవేటు స్కూల్లో లెక్కల సారు. మార్చి జీతం సగం ఇచ్చారు, ఏప్రిల్‌ది అడగొద్దన్నారు. నేను బ్లౌజులు కుడతాను. ఈ సీజన్లో తల ఎత్తకుండా కుట్టాల్సింది. ఇప్పుడు పెళ్లిళ్లే లేవు. మ్యాచింగ్ సెంటర్లు మూసి ఉన్నాయి, లైనింగ్ బట్ట కూడా దొరకట్లేదు. ఉన్న కాటన్ ముక్కలతో మాస్కులు కుడుతున్నాను. పాప టెన్త్. మూడు పేపర్లు రాసింది, మిగతావి హైకోర్టు ఆపింది. మళ్లీ ఎప్పుడు పెడతారో తెలియక రోజూ అదే లెక్కల పుస్తకం ముందేసుకుని కూర్చుంటుంది. బాబు ఆరో తరగతి, వాడికి పండుగే.

ఇంట్లోంచి బయట తిరిగే మనిషి మామయ్య ఒక్కరే. రేషన్ లైన్‌కు కూడా తానే పోతానంటారు. అత్తమ్మకు ఆయాసం ఉంది. ఈయన ఏదన్నా అంటించుకుని వస్తే ముందు ఆమెకే ముప్పు. గేటుకు తాళం వేద్దామంటే మా ఆయన "బాపుకు తాళం వేస్తావా?" అంటారు.

మీ ఇళ్లల్లో పెద్దవాళ్లను ఎట్లా ఆపారు? బతిమాలడం, అలగడం, టీవీలో కేసుల లెక్క చూపించడం, మనవరాలితో చెప్పించడం అన్నీ అయిపోయాయి. నిజంగా పనిచేసింది ఏదన్నా ఉంటే చెప్పండి.

కాజీపేట జంక్షన్ | 20 ఏప్రిల్ 2020

చెల్లె, ప్లగ్గు ముచ్చట చదివి డ్యూటీలో నవ్వాను, ఏమనుకోకు.

కరోనా పేరు చెప్తే మీ మామయ్య వినరు. బండి పేరు చెప్పు, వింటారు. సరుకులకైనా మూడు కిలోమీటర్లు దాటొద్దన్నారు. రాత్రి ఏడు నుంచి పొద్దున ఆరు దాకా ఎలాగూ కర్ఫ్యూ. దాటితే బండి గుంజుకుంటున్నారు, మళ్లీ ఎప్పుడిస్తారో చెప్పట్లేదు. పోలీస్ స్టేషన్ ముందు ఎండలో దుమ్ము కొట్టుకుని నిలబడ్డ బండ్ల వరసను ఎవరితోనన్నా ఫోటో తీయించి చూపించు. మా బాబాయి ఆ ఫోటో చూసిన రోజే బండికి కవర్ తొడిగి లోపల పెట్టాడు. మెకానిక్‌కు బండి ఎండలో పడి ఉందంటే ప్రాణం ఒప్పుకుంటుందా?

ఇంకో మాట. మీ ఇంటికి పేపర్ వస్తుందా, బంద్ చేశారా?

నా సంగతంటే, ప్యాసింజర్ బండ్లు ఆగాయి గానీ గూడ్సులు తిరుగుతున్నాయి, కాబట్టి నాకు ఇంట్లో ఉండే భాగ్యం లేదు. ఇంటికొస్తే బయటి నల్లా దగ్గరే స్నానం, బట్టలు బకెట్‌లో. మా చిన్నది తలుపు సందులోంచి "డాడీ, పూర్తిగా అయిందా?" అని పర్మిషన్ ఇస్తేనే లోపలికి.

కుట్టుమిషన్ హన్మకొండ | 20 ఏప్రిల్ 2020

పేపర్ మార్చి చివర్లోనే బంద్ చేశాం అన్నా. కాగితం మీద వైరస్ వస్తుందని వీధిలో అందరూ మానేస్తే మేమూ మానేశాం. అంటే పేపర్ కోసం కూడా పోతున్నారా? ఈ లెక్క నాకు తట్టలేదు.

నర్సక్క, కరీంనగర్ | 21 ఏప్రిల్ 2020

పేపర్ మళ్లీ వేయించుకోండి. కాగితం వల్ల వచ్చే ముప్పు చాలా తక్కువ. సందులో నలుగురు మొహాలు దగ్గర పెట్టుకుని ఒకే ఫ్లాస్కు చాయ్ తాగితే వచ్చేదే ఎక్కువ. భయంగా ఉంటే పేపర్ చదివాక సబ్బుతో 20 సెకన్లు చేతులు కడుక్కోమనండి, చాలు.

మా ఊళ్లో మార్చిలోనే కొన్ని వీధులకు బారికేడ్లు పెట్టి మూసేశారు. అప్పటి నుంచి చూస్తున్నాను. అరవై దాటి బీపీ, షుగర్ ఉన్నవాళ్లు ఇంట్లో ఉండాలని ఊరికే చెప్పట్లేదు, వాళ్లకు వస్తే తట్టుకోవడం కష్టం. మీ మామయ్యకు ఒక్కసారి మెల్లగా ఈ విషయం చెప్పండి: "మీకేమవుతుందో అని కాదు, మీ నుంచి అత్తమ్మకు వస్తే మేం తట్టుకోలేం." తమ కోసం ఆగనివాళ్లు ఇంకొకరి కోసం ఆగడం మా వార్డులో రోజూ చూస్తున్నాను.

ఇద్దరి మాత్రలూ రెండు నెలలకు సరిపడా ఒకేసారి తెచ్చిపెట్టుకోండి. మెడికల్ షాపులు తెరిచే ఉన్నాయి. "మాత్రలు అయిపోయాయి, పోయి తెస్తా" అనే సాకు కూడా అట్లా పోతుంది. షుగర్ మనిషి అలిగి అన్నం మానేస్తే మాత్రం ఊరుకోకండి. మాత్ర వేసుకుని తినకపోతే చక్కెర పడిపోతుంది. అది కరోనా కంటే ముందే దవాఖానకు తెస్తుంది.

జగిత్యాల టు మస్కట్ | 21 ఏప్రిల్ 2020

అక్కా, ఇక్కడ క్యాంపులో గదికి ఎనిమిది మందిమి ఉన్నాం. ఫ్లైట్లు లేవు. మా బాపు ఒక్కడే ఊళ్లో. మీ మామయ్య సందుల్లో ఉరికారంటే నాకు మా బాపే కనబడుతున్నాడు.

నేను చేసింది చెప్తాను. వాట్సాప్‌లో గ్రూప్ కాల్ ఉంటుంది, నలుగురి దాకా కలుస్తుంది. మీ మామయ్య, ముగ్గురు దోస్తులు, సరిగ్గా నలుగురు. పొద్దున ఆరున్నరకు మీ పాపతో కలిపించండి. చేతిలో చాయ్ గ్లాసు పెట్టండి. మొదటి రెండు రోజులు ఫోన్ చెవికి ఆనించుకుని "హలో హలో" అంటారు, మొహానికి బదులు సీలింగ్ ఫ్యాన్ చూపిస్తారు. తర్వాత అలవాటైపోతుంది. మా బాపు ఇప్పుడు నాకు టైమ్ ఇస్తలేడు, దోస్తుల కాల్ ఉందంటున్నాడు.

పరకాల రైతు | 22 ఏప్రిల్ 2020

మా ఊరి దారికి ముళ్లకంప అడ్డం కొట్టినం. బయటి మనిషి లోపలికి రాడు. లోపలి మనుషులు మాత్రం వడ్ల సెంటర్ కాడ కుప్పల మీద కూర్చుని ముచ్చట్లే ముచ్చట్లు. హమాలీలు లేరు, గన్నీ సంచులు లేవు, కాంటా ఎప్పుడవుతుందో తెల్వదు. మిర్చి అమ్ముదామంటే ఏనుమాముల మార్కెట్ బంద్.

మీ మామయ్య సంగతికి నా మాట ఒక్కటే. పని ఉన్నోడు తిరగడు. పని చెప్పండి. మెకానిక్‌ను ఖాళీగా కూర్చోబెడితే గేటు గొళ్లెమే విప్పుతడు.

కొత్తవాడ పెద్దమ్మ | 22 ఏప్రిల్ 2020

ఇన్ని జవాబులూ చదివిన. అందరూ మామ గురించే చెప్పిండ్రు. బిడ్డా, మీ అత్తను అడిగినవా?

మాది మగ్గం ఇల్లు. జంపఖానాలు నేస్తం. మా ఆయన పెళ్లయిన కాడి నుంచి పగలంతా ఇంట్లోనే. ఇంట్లో ఉండుడు మాకు కొత్త కాదు. నూలు రాక, నేసింది కొనేటోళ్లు లేక కష్టం గానీ, మొగుడు ఇంట్లో ఉన్నడని కష్టం లేదు. ఎందుకంటే ఆయనకు మగ్గం ఉంది, నాకు పొయ్యి ఉంది. ఆయన నా పొయ్యి కాడికి రాడు, నేను ఆయన మగ్గం మీద చెయ్యి పెట్టను. మీ ఇంట్ల ఆ మనిషికి కూర్చునే జాగ ఏది? బయట చాయ్ హోటలే ఆయన జాగ. అది మూసిండ్రు. ఇప్పుడు ఎక్కడ కూర్చున్నా ఎవరో ఒకరి జాగల కూర్చున్నట్టే. ఎవరి జాగలనో చూడు.

కుట్టుమిషన్ హన్మకొండ | 28 ఏప్రిల్ 2020

అందరికీ దండాలు. ఆలస్యంగా రాస్తున్నాను. మాస్కులకు ఆర్డర్ వచ్చింది, పైగా రాయడానికి చాలా ఉంది.

ముందు జరిగినవి చెప్తాను. పేపర్ మళ్లీ వేయించాం. బండ్ల ఫోటో చూపించాం. చాలాసేపు చూసి, "ఆ మూడోది కిక్కు రాడ్ వంగింది" అన్నారు. అయినా ఆ రోజు నుంచి బండి తీయలేదు, నడిచి పోవడం మొదలుపెట్టారు. గ్రూప్ కాల్ మాత్రం నిజంగా పనిచేసింది. మస్కట్ తమ్ముడూ, నువ్వన్నట్టే ముందు మా సీలింగ్ ఫ్యాన్‌ను ముగ్గురు ముసలాయనలు బాగా చూశారు. ఇంతలో రంజాన్ వచ్చింది. దోస్తుల్లో ఒకాయన ఉపవాసం, పొద్దున చాయ్‌కు రారు. ఆయన రాకపోతే మిగతావాళ్లకు రుచి లేదు. అట్లా సందులో చాయ్ దానంతట అదే ఆగిపోయింది.

పెద్దమ్మా, మీ మాట నన్ను పట్టుకుంది. ఆ రాత్రి అత్తమ్మ కాళ్లకు నూనె రాస్తూ అడిగాను. మామయ్య ఇంట్లో ఉంటే మీకు మంచిగ ఉందా అని. మా అత్తమ్మ తక్కువ మాట్లాడే మనిషి. లేచి కూర్చుని, తలుపు దగ్గరికి వేయమంది. ఇక మొదలుపెట్టింది.

పెళ్లయిన ఇన్నేళ్లలో ఈయన పగటిపూట ఇంట్లో ఉన్నది ఆమె చూడలేదట. డ్యూటీలో ఉన్నప్పుడు డిపో, రిటైర్ అయ్యాక చౌరస్తా, తర్వాత యూనియన్ ఆఫీసు, మధ్యాహ్నం తిని నిద్ర, సాయంత్రం మళ్లీ బయటికి. ఇప్పుడు పొద్దున్నుంచీ వంటింటి గడప మీద నిలబడుతున్నారు. చింతపండు అంత ఎందుకు నానబెట్టినవు? పోపులో ఆవాలు చిటపటలాడకముందే కరివేపాకు ఎందుకు వేసినవు? పచ్చిపులుసుకు ఉల్లిగడ్డ ఇంకా సన్నగా కొయ్యి. "నేను వండింది తినే మనిషే గానీ, వండుతుంటే చూసిన మనిషి కాదు. ఇప్పుడు నాకు చేతులు ఆడుతలేవు బిడ్డా" అంది. ఆమె బాధంతా అక్కడే ఉందనుకున్నాను. కాదు. అసలు సంగతి అరుగు.

మా వీధిలో నాలుగింటికి ఆడవాళ్లు అరుగుల మీదికి వస్తారు. మా అరుగు పెద్దది, వేపచెట్టు నీడ ఉంటుంది, కాబట్టి మా అరుగే అడ్డా. మిరపకాయల తొడిమలు తీస్తారు, చింతపండు గింజలు తీస్తారు, ఎవరి కోడలు ఏమందో చెప్పుకుంటారు. నా గురించి కూడా చెప్పుకుంటారు, నాకు తెలుసు. లాక్‌డౌన్ వచ్చాక దగ్గర కూర్చోవడం మానేశారు. ఎవరి అరుగు మీద వాళ్లు కూర్చుని, వీధికి అడ్డంగా గట్టిగా మాట్లాడుకోవడం నేర్చుకున్నారు. అత్తమ్మకు ఉన్న ఒక్క సంబురం అది. నేనూ, మా ఆయనా కలిసి మామయ్యను బయటికి పోనివ్వకుండా చేసి, కుర్చీ వేసి ఎక్కడ కూర్చోబెట్టాం? ఆ అరుగు మీదే. పెద్ద మనిషి కుర్చీలో ఉంటే ఎదురింటి ఆమె బయటికి వస్తుందా? కొంగు సర్దుకుని లోపలికి పోతుంది. ఆమె పోతే పక్కామె పోతుంది. మూడు వారాలుగా అత్తమ్మ ఎవరితోనూ మాట్లాడలేదట.

ఇన్ని రోజులు నేను మామయ్య గేటు దాటకుండా చూసుకున్నాను గానీ, అత్తమ్మ గడప దాటట్లేదన్నది నా కంటికి ఆనలేదు.

ఇప్పుడు వాకిట్లో, బండి పెట్టే చోట రేకుల కింద ఒక బల్ల వేయించాం. మామయ్య పనిముట్ల డబ్బా అక్కడికి మారింది. పొద్దున అరుగు మీద ఆయన పేపర్, పదింటి నుంచి బల్ల దగ్గర. నాలుగింటికి అరుగు అత్తమ్మది. ఈ సంగతి మామయ్యకు చెప్పే పని పాప తీసుకుంది. తాతకు ఏం చెప్పిందో మాకు చెప్పట్లేదు, గానీ నాలుగు కాగానే ఆయనే కుర్చీ ఎత్తుకుని లోపలికి పోతున్నారు.

కొత్తవాడ పెద్దమ్మ | 28 ఏప్రిల్ 2020

ఇగ మంచిది. బల్ల మీద పని కూడా ఉండాలె. ఖాళీ బల్ల ఎన్ని రోజులు కూర్చోబెడుతది?

కుట్టుమిషన్ హన్మకొండ | 6 మే 2020

పని దొరికింది. ఇప్పుడు దాంతో వేరే తంటా వచ్చింది, అందుకే మళ్లీ రాస్తున్నాను.

ఎండలు ముదిరాయి కదా, కూలర్ దించాం. మాది పాత రేకు కూలర్. పంపు రొద చేస్తుంది గానీ నీళ్లు పైకి ఎక్కట్లేదు. గడ్డి పోయినేడాదిదే, నల్లగా అట్టకట్టి ఉంది. షాపులు లేవు, మెకానిక్ రాడు. మామయ్య పంపు విప్పారు. లోపల బొటనవేలంత రెక్కల చక్రం ఉంటుంది. బోరు నీళ్ల సున్నం పట్టి అది తెల్లగా రాయిలా బిగుసుకుపోయింది. సున్నం వదలాలంటే పులుపు కావాలన్నారు. నేను నిమ్మకాయలు వెతికేలోపు, అత్తమ్మ చారుకు నానబెట్టిన చింతపండు గిన్నెలో పంపు వేసేశారు! ఆ రోజు మా ఇంట్లో చారు లేదు, మాటలూ లేవు. గంట తర్వాత పంపు తీసి పాత పళ్లపొడి బ్రష్షుతో రుద్దితే రెక్కలు గిర్రున తిరిగాయి. గడ్డి విప్పి, దులిపి, కడిగి, ఎండబెట్టి, తలకిందులు చేసి మళ్లీ పరిచారు. పలచబడ్డ చోట గోనె సంచి పీలికలు పెట్టి కుట్టమంటే నేనే దబ్బనంతో కుట్టాను. సాయంత్రానికి చల్లగాలి.

గాలి మాకే వస్తే బాగుండేది. మా కూలర్ చప్పుడు విని పక్కింటాయన గోడ మీదుగా అడిగారు. ఆయనది ఫ్యాన్ తిరగట్లేదు. మామయ్య చూసి కండెన్సర్ పోయిందన్నారు. కొనడానికి షాపు లేదు. అటక మీది పాత సీలింగ్ ఫ్యాన్ దించి, దాని కండెన్సర్ పీకి అందులో వేశారు, తిరిగింది. ఇక వీధి వీధంతా తెలిసిపోయింది. మా పాప లెక్కల నోట్‌బుక్ వెనక పేజీల్లో "పచ్చ గేటు, పంపు", "మేడ మీది అంకుల్, చప్పుడు" అని రాసుకుంటుంది. ఆయన స్క్రూ విప్పుతుంటే ఫోన్ లైటు పట్టేదీ తనే. బాబు పని నట్లు గిన్నెలో వేయడం, పోగొట్టడం.

మామయ్య గేటు దాటట్లేదు. నిజం. వీధే గేటు లోపలికి వస్తుంది. పొద్దున చూస్తే నలుగురు కూలర్లు పట్టుకుని మాస్కులు గదవ కింద వేలాడేసుకుని నిలబడి ఉన్నారు. వద్దంటే ఎండలో పిల్లలున్న ఇళ్లు అంటారు. ఈయన డబ్బులు తీసుకోరు, అది ఇంకో కథ. ఇప్పుడు చెప్పండి, ఇది ఎట్లా ఆపాలి?

పరకాల రైతు | 6 మే 2020

పని చెప్పమన్నది నేనే. తప్పు నాదే అనకండి.

నర్సక్క, కరీంనగర్ | 6 మే 2020

ఆపొద్దు, పద్ధతి పెట్టండి. కూలర్ వస్తుంది, మనిషి రాడు. గేటు బయట ఒక చోటు చూపించి అక్కడ దించి పొమ్మనండి. సబ్బునీళ్ల గుడ్డతో పైనంతా తుడిచి, ఒక రోజు ఎండలో ఉంచి, అప్పుడు మీ మామయ్యను ముట్టుకోమనండి. ప్లాస్టిక్, ఉక్కు మీద రెండు మూడు రోజుల దాకా ఉండొచ్చని చెప్తున్నారు కాబట్టి తుడవడం మానొద్దు. ఏమైందో నోటితో చెప్పక్కర్లేదు, చీటీ రాసి కూలర్‌కు అంటించమనండి, లేదా పాపకు ఫోన్ చేయమనండి. పని చేస్తున్నంతసేపూ మొహం ముట్టుకోకుండా ఉండటం మెకానిక్‌లకు కష్టం, చెమట తుడుచుకుంటారు. మెడలో తువ్వాల వేయండి, దాంతోనే తుడుచుకోమనండి.

మాస్కు గదవ కింద ఉన్నవాళ్ల కూలర్ తీసుకోవద్దు. ఈ ఒక్క మాట మీద మీ మామయ్యను గట్టిగా నిలబడమనండి. మెకానిక్ మాట వీధి వింటుంది, మా మాట వినట్లేదు.

కాజీపేట జంక్షన్ | 7 మే 2020

చెల్లె, నర్సక్క చెప్పినదానికి ఒకటి కలుపు. కరోనా సంగతి సరే, కరెంటు సంగతి? రేకు కూలర్ షాక్ కొట్టి ప్రతి ఎండాకాలం మన దిక్కు ప్రాణాలు పోతున్నాయి. రిపేరు చేసి ఇచ్చే ప్రతి కూలర్‌కు ఎర్తింగ్ ఉందో లేదో మీ మామయ్య చూస్తారు, ఆయనకు చెప్పే అంతవాణ్ని కాదు. కానీ తీసుకుపోయినవాళ్లు ఇంట్లో రెండు పిన్నుల ప్లగ్గులో గుచ్చితే ఆ ఎర్తింగ్ ఎందుకూ పనికిరాదు. మూడు పిన్నుల ప్లగ్గు ఉంటేనే కూలర్ ఇవ్వండి. నీళ్లు పోసేటప్పుడు స్విచ్ ఆపడం కాదు, ప్లగ్గు పీకాలి. ఇది మీ పాపతో అట్టముక్క మీద పెద్దక్షరాలతో రాయించి గేటుకు కట్టు.

డబ్బులు తీసుకోకపోతే పోనీ. ఎవరింట్లో కొత్త మామిడికాయ తొక్కు పెట్టారో వాళ్లను ఒక గిన్నెడు ఇమ్మను.

కుట్టుమిషన్ హన్మకొండ | 21 మే 2020

అన్నా, నీ నోటిమాట ఏమోగానీ మా ఇంట్లో ఇప్పుడు ఏడిళ్ల తొక్కు ఉంది. ఒకదానికొకటి రుచి కలవదు. అత్తమ్మ ప్రతిదీ వేలితో నాకి చూసి, "ఉప్పు ఎక్కువ", "ఆవపిండి పాతది" అని తీర్పు చెప్తుంది. సాయంత్రం అరుగు మీద ఆ తీర్పులన్నీ వీధికి అడ్డంగా గట్టిగా చదువుతుంది. ఎదురింటామెకు కోపమొచ్చి ఇంకో గిన్నె పంపింది.

నర్సక్కా, మీరు చెప్పిన పద్ధతే నడుస్తుంది. వేపచెట్టు కింద సున్నంతో గీత గీశాం, అది దాటి మనిషి రావద్దు. ఒక పెద్దాయన మాస్కు లేకుండా వస్తే మామయ్య పానా పక్కన పెట్టి, "మూతికి కట్టుకుని రా, అప్పటిదాకా నీ కూలర్ నాకు కనబడదు" అన్నారు. సందులో ఫ్లాస్కు చాయ్ తాగి ఉరికిన మనిషి ఈయనేనా అని మా ఆయన, నేను మొహాలు చూసుకున్నాం. అందరికీ ఇచ్చే మాస్కులు నావే. అవి మాత్రం ఊరికే ఇవ్వట్లేదు, పది రూపాయలు.

మొన్న మంగళవారం నుంచి బస్సులు మొదలయ్యాయి కదా. పొద్దున మొదటి బస్సు హారన్ వినగానే మామయ్య స్పానర్ పట్టుకునే అరుగు మీదికి వచ్చి నిలబడ్డారు. పోతానంటారేమో అని నాకు టెన్షన్. "సైలెన్సర్ లీక్ ఉంది దానికి" అని మళ్లీ బల్ల దగ్గరికి పోయారు. ఇప్పటికైతే పోలేదు. పాప పరీక్షల సంగతి మాత్రం ఇంకా తేలలేదు. షాపులు తెరిచారు కాబట్టి కూలర్ గడ్డి దొరుకుతుంది, గోనె పీలికలు కుట్టే పని నాకు తప్పింది. బ్లౌజులు ఇంకా రాలేదు. పెళ్లికి 50 మందే అంటే చీరలు కొనేదెవరు, కుట్టించుకునేదెవరు?

పరకాల రైతు | 22 మే 2020

వడ్లు కాంటా అయినయ్. అక్కా, మా కూలర్ కూడా నీళ్లు ఎక్కిస్తలేదు. పరకాల నుంచి బస్సు నడుస్తుందట. ఆటోలో వేసుకుని తేవచ్చా?

కుట్టుమిషన్ హన్మకొండ | 22 మే 2020

తేవచ్చు అన్నా, పాపకు చెప్పి నోట్‌బుక్‌లో రాయిస్తా. పంపు ఒక్కటే విప్పి సంచిలో పంపినా చాలన్నారు మామయ్య, ఆటో కిరాయి దండగ. మొత్తం కూలరే తెస్తానంటే మాత్రం అడుగున నీళ్లు వంపి తీసుకురండి. మొన్న ఒకాయన నిండా నీళ్లతో దించి అరుగంతా తడిపాడు. ఆరబోసిన అత్తమ్మ ఒడియాలు నానిపోయాయి. తిట్లు తిన్నది ఆయన కాదు, మా మామయ్య.